మందు తాగకుండా పబ్ టూర్: ఎడిన్‌బరా పబ్బుల బోర్డుల వెనక ఉన్న మనుషులు

ఈ ఎపిసోడ్‌లో మనం స్కాట్లాండ్ రాజధానికి వెళ్దాం. స్పెల్లింగ్ చూస్తే ఎడిన్‌బర్గ్ అని చదవాలనిపిస్తుంది, కానీ అక్కడివాళ్ళు ఎడిన్‌బరా అంటారు. మనమూ అలాగే అందాం. అక్కడ ఒక సాయంత్రం నేను గైడెడ్ పబ్ టూర్‌కి వెళ్ళాను. నేను మందు తాగను. మరి నీకు పబ్ టూర్ ఎందుకురా బాబూ అని మీరు అడగొచ్చు. ఆ సంగతే చెప్తాను.

ముందు పబ్ అనే మాట దగ్గర ఆగుదాం. హైదరాబాద్‌లో పబ్ అనగానే మనకి ఏం గుర్తొస్తుంది? జూబ్లీహిల్స్, డీజే, కపుల్ ఎంట్రీ, చివర్లో బిల్లు చూసి కళ్ళు తిరగడం. అక్కడ అలా కాదు. పబ్లిక్ హౌస్ అనే మాట కుదించుకుపోయి పబ్ అయ్యింది. అంటే నలుగురూ కూర్చునే ఇల్లు. మన ఊళ్ళో రచ్చబండనీ టీకొట్టునీ కలిపి, చలికి తట్టుకోవడానికి పైకప్పు వేసి, మధ్యలో బీరు పెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఒక మూల ముసలాయన పేపరు చదువుకుంటూ ఉంటాడు. కాళ్ళ దగ్గర కుక్క పడుకుని ఉంటుంది. ఇంకో టేబుల్ దగ్గర ఫ్యామిలీ భోజనం చేస్తూ ఉంటుంది.

టూర్ ఎలా జరుగుతుందంటే, మా గ్రూపులో సుమారు పదిహేను మందిమి ఉన్నాం. రెండు గంటలు నడక. గైడ్ ఒక్కో పబ్ బయట ఆగి కథ చెప్తాడు, తర్వాత లోపలికెళ్ళి ఎవరికి కావాల్సింది వాళ్ళు కొనుక్కుంటారు, ఓ ఇరవై నిమిషాలు కూర్చుని మళ్ళీ నడక. మా గైడ్ మంచి మాటకారి. నవ్వించకుండా ఒక్క వాక్యం కూడా పూర్తి చేయడు.

మొదలుపెట్టింది గ్రాస్‌మార్కెట్‌లో. ఎడిన్‌బరా కోట ఒక పెద్ద నల్లరాతి కొండ మీద ఉంటుంది కదా, సరిగ్గా దాని కిందే ఈ పొడవాటి మైదానం లాంటి వీధి. 1477 నుంచి ఇక్కడ సంత జరిగేది. పశువుల్ని అమ్మేవాళ్ళు, బండ్లవాళ్ళు, ప్రయాణికులు అందరూ దిగే చోటు. అందుకే ఇన్ని సత్రాలు, ఇన్ని పబ్బులు. అక్కడ వైట్ హార్ట్ ఇన్ అని ఒకటి ఉంది. స్కాట్లాండ్ జాతీయ కవి రాబర్ట్ బర్న్స్ 1791లో ఎడిన్‌బరాకి చివరిసారి వచ్చినప్పుడు అందులోనే దిగాడు. 1803లో ఇంగ్లిష్ కవి వర్డ్స్‌వర్త్, ఆయన చెల్లెలు డొరతీ కూడా దిగారు. మన ఇంగ్లిష్ టెక్స్ట్‌బుక్‌లో డాఫడిల్స్ పద్యం బట్టీ పట్టినవాళ్ళకి ఆయన ఎవరో తెలుసు.

అయితే ఈ చోటుకి ఇంకో పని కూడా ఉండేది. ఉరి తీయడం. 1784 వరకు ఇక్కడ బహిరంగంగా ఉరి తీసేవాళ్ళు. పక్కనే ఉన్న పబ్ పేరు ద లాస్ట్ డ్రాప్. డ్రాప్ అంటే చుక్క, డ్రాప్ అంటే కింద పడటం కూడా. ఆఖరి చుక్క, ఆఖరిగా కింద పడటం. రెండూ ఒకే మాటలో పెట్టి బోర్డు కట్టేశారు. గైడ్ ఇది చెప్పగానే అందరం నవ్వాం. ఫోటోలు తీసుకున్నాం.

అక్కడికి కొద్ది అడుగుల్లోనే ఇంకో పబ్. పేరు మ్యాగీ డిక్సన్స్. ఈవిడ కథ జాగ్రత్తగా వినండి.

మ్యాగీ ఎడిన్‌బరా పక్కన మసెల్‌బరా అనే ఊరి మనిషి. చేపలమ్ముకునేది. భర్త దూరమయ్యాక బతుకుదెరువు కోసం దక్షిణాన కెల్సో అనే ఊరికి వెళ్ళి ఒక సత్రంలో పనికి చేరింది. అక్కడ గర్భవతి అయింది. ఎవరికీ చెప్పలేదు. తర్వాత ట్వీడ్ నది ఒడ్డున పసిబిడ్డ శవం దొరికింది. మ్యాగీని పట్టుకున్నారు, కేసు నడిచింది, 1724 సెప్టెంబర్ 2న గ్రాస్‌మార్కెట్‌లో ఉరి తీశారు. చనిపోయిందని శవపేటికలో పెట్టి బండి మీద సొంతూరికి తీసుకెళ్తున్నారు. దారిలో పెఫర్‌మిల్ దగ్గర బండివాళ్ళు ఓ గుక్క వేసుకుందామని ఆగారు. అప్పుడు పెట్టెలోంచి చప్పుడు. మూత తీస్తే మ్యాగీ బతికే ఉంది!

ఒకసారి శిక్ష అమలైపోయింది కాబట్టి మళ్ళీ ఉరి తీయలేదు. ఆ తర్వాత ఇంకో నలభై ఏళ్ళు బతికింది, పిల్లల్ని కంది, తనే ఒక సారాయి అంగడి లాంటిది నడిపింది. ఊరంతా సగం ఉరిపడిన మ్యాగీ అని పిలిచేవాళ్ళు. గైడ్ దీని మీద ఒక జోక్ వేశాడు. చావు దాకా కలిసుంటామని పెళ్ళిలో ప్రమాణం చేస్తారు కదా, ఈవిడ చచ్చి బతికింది కాబట్టి పాత మొగుడి పీడ విరగడైంది అని. అందరం పగలబడి నవ్వాం.

అప్పుడు మా గ్రూపులో ఉన్న ఒకావిడ, కెనడా నుంచి వచ్చారనుకుంటా, మెల్లగా అడిగారు. "మరి ఆ బిడ్డకి ఏమైంది? నిజంగా ఈవిడే చంపిందా?"

గైడ్ ఒక్క క్షణం ఆగాడు. అప్పటిదాకా స్టేజీ మీద ఉన్నట్టు మాట్లాడినవాడు, మామూలు గొంతుతో చెప్పాడు. చంపిందని రుజువు చేయాల్సిన అవసరమే లేదండీ, ఆ చట్టం అలాంటిది అని.

నాకు ఈ టూర్ అసలు మొదలైంది అక్కడే. స్కాట్లాండ్‌లో 1690లో ఒక చట్టం చేశారు. ఒక ఆడమనిషి గర్భం సంగతి దాచిపెట్టి, కాన్పప్పుడు ఎవరినీ సాయానికి పిలవకుండా ఉండి, ఆ బిడ్డ చనిపోయినా కనిపించకపోయినా, తల్లే హత్య చేసినట్టు లెక్క. బిడ్డ పుట్టడమే చనిపోయి పుట్టిందా? నెలలు నిండకుండా పుట్టిందా? ఇవేవీ అడ్డు రావు. చెప్పలేదు, పిలవలేదు, బిడ్డ లేదు. మూడు కలిస్తే ఉరి.

ఇప్పుడు ఆలోచించండి. ఊరుకాని ఊళ్ళో కూలికి ఉన్న మనిషి. మొగుడు పక్కన లేడు. కడుపు సంగతి బయటపడితే పని పోతుంది, నీడ పోతుంది, చర్చిలో అందరి ముందూ నిలబెడతారు. చెప్తే అవమానం, చెప్పకపోతే ఉరి. ఈ కేసంతట్లో మగవాడి పేరు ఎక్కడైనా వచ్చిందా? ఆ చట్టంలో తండ్రి అనేవాడి ప్రస్తావనే అక్కర్లేదు. 1809లో గానీ ఈ చట్టాన్ని తీసేసి, ఉరి బదులు గరిష్ఠంగా రెండేళ్ళ జైలు అని మార్చలేదు. తర్వాత వాల్టర్ స్కాట్ 1818లో రాసిన ద హార్ట్ ఆఫ్ మిడ్‌లోథియన్ అనే నవల మొత్తం ఇలాంటి కేసు మీదే నడుస్తుంది. చెల్లెలి మీద ఈ చట్టం కింద కేసు, అబద్ధం చెప్పకుండా ఆమెని కాపాడాలని అక్క పడే తపన.

మ్యాగీ బతికింది కాబట్టి మనం నవ్వుతున్నాం. అదే చట్టం కింద ఉరిపడి, బండి ఆగినా పెట్టె లోపల చప్పుడు రాని ఆడవాళ్ళ పేరు మీద పబ్బు లేదు.

అక్కడి నుంచి పడమర వైపు కొంచెం నడిస్తే వెస్ట్ పోర్ట్. ఇది బర్క్, హేర్ అనే ఇద్దరి చోటు. ఇద్దరూ ఐర్లాండ్ నుంచి కాలువ తవ్వే కూలిపనికి వచ్చినవాళ్ళే. హేర్ ఇక్కడ టానర్స్ క్లోజ్ అనే సందులో చవక లాడ్జి నడిపేవాడు. 1827 చివర్లో ఒక ముసలి లాడ్జర్ జబ్బుతో చనిపోయాడు, హేర్‌కి 4 పౌండ్లు బాకీ ఉండి. ఆ బాకీ రాబట్టుకోవడానికి శవాన్ని డాక్టర్ రాబర్ట్ నాక్స్ అనాటమీ స్కూల్‌కి అమ్మేశారు. 7 పౌండ్ల 10 షిల్లింగులు వచ్చింది.

శవాన్ని కొనడం ఏంటి అంటారా? అప్పట్లో ఎడిన్‌బరా వైద్యవిద్యకి ప్రపంచంలోనే పెద్ద పేరు. స్టూడెంట్లు వందల్లో. కోసి నేర్చుకోవడానికి చట్టప్రకారం దొరికే శవాలు మాత్రం ఎక్కువగా ఉరితీసిన హంతకులవే. అవి ఏ మూలకీ చాలవు. అందుకే సమాధులు తవ్వి అమ్మే దొంగలు తయారయ్యారు. బర్క్, హేర్ తవ్వే కష్టం కూడా పడలేదు. మనుషుల్నే చంపడం మొదలుపెట్టారు. దిక్కులేని వాళ్ళని చూసి, ఇంటికి పిలిచి, విస్కీ పోసి, మత్తులో ఉన్నప్పుడు ఊపిరాడకుండా చేసేవాళ్ళు. పది నెలల్లో 16 మంది. వాళ్ళలో మేరీ ప్యాటర్సన్ అనే అమ్మాయి ఉంది. జేమ్స్ విల్సన్ అని పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ఉన్నాడు. వీధుల్లో తిరిగే అమాయకుడు, ఊళ్ళో అందరికీ తెలిసినవాడు. అతని శవం బల్ల మీదకి వస్తే స్టూడెంట్లు గుర్తుపట్టారు కూడా.

చివరికి 1828 అక్టోబర్ 31న చేసిన హత్యతో దొరికారు. హేర్ అప్రూవర్‌గా మారి తప్పించుకున్నాడు. డాక్టర్ నాక్స్ మీద కేసే పెట్టలేదు. బర్క్‌ని 1829 జనవరి 28న ఉరితీసి, శవాన్ని అందరి ముందూ కోశారు. అతని అస్థిపంజరం ఇప్పటికీ ఎడిన్‌బరా యూనివర్సిటీ అనాటమీ మ్యూజియంలో ఉంది.

ఈ గొడవ తర్వాత 1832లో అనాటమీ చట్టం వచ్చింది. హత్యలు ఆగాయి, నిజమే. ఎలా ఆగాయి? అనాథాశ్రమాల్లో, ఆసుపత్రుల్లో చనిపోయి, ఎవరూ తీసుకెళ్ళని శవాల్ని మెడికల్ స్కూళ్ళకి ఇవ్వొచ్చని అన్నారు. ఎవరూ తీసుకెళ్ళని శవం ఎవరిది అవుతుంది? పేదవాడిది. ముందు పేదవాడిని చంపి అమ్మారు, తర్వాత పేదవాడు చనిపోయేదాకా ఆగారు. ఎంబీబీఎస్ చదివే ఫ్రెండ్స్ ఎవరైనా వింటుంటే, మీ డిసెక్షన్ హాల్ సైన్సు వెనక ఈ కథ కూడా ఉందని గుర్తుంచుకోండి.

వెస్ట్ పోర్ట్‌లో ఒక బార్‌కి హంతకుల పేరే పెట్టారు. మేరీ పేరు, జేమ్స్ పేరు మాత్రం నాకు ఏ బోర్డు మీదా కనపడలేదు.

వెనక్కి గ్రాస్‌మార్కెట్‌కి వచ్చి, రంగురంగుల షాపులతో వంపు తిరుగుతూ పైకెక్కే విక్టోరియా స్ట్రీట్ మీదుగా లాన్‌మార్కెట్ చేరాం. ఇది కోట నుంచి దిగే పాత రాచవీధి. మూలమీద డీకన్ బ్రోడీస్ ట్యావెర్న్. డీకన్ అంటే ఇక్కడ చర్చి మనిషి కాదు, వడ్రంగుల సంఘం పెద్ద. విలియం బ్రోడీ మంచి ఫర్నిచర్ పనివాడు, తాళాలు బిగించేవాడు, టౌన్ కౌన్సిల్ మెంబర్. పగలు పెద్దమనిషి. పనికి వెళ్ళిన ఇళ్ళలో తాళంచెవుల అచ్చు తీసుకుని రాత్రిళ్ళు దొంగతనాలు చేసేవాడు. జూదం అప్పులు, రెండు చాటు సంసారాలు. 1788లో ఎక్సైజ్ ఆఫీసుకి కన్నం వేసి, అది బెడిసికొట్టి ఆమ్‌స్టర్‌డామ్ పారిపోయాడు. అక్కడ దొరికాడు. అదే ఏడాది అక్టోబర్ 1న ఉరి.

రాబర్ట్ లూయిస్ స్టీవెన్సన్ చిన్నప్పుడు ఆయన గదిలో ఈ బ్రోడీ చేసిన బీరువా ఉండేది. పెద్దయ్యాక బ్రోడీ మీద ఒక నాటకం కూడా ఫ్రెండ్‌తో కలిసి రాశాడు. ఒకే మనిషిలో ఇద్దరు అనే ఈ ఆలోచనే ముదిరి 1886లో డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్ అయింది. మన అపరిచితుడు సినిమా దాకా వచ్చిన దారికి మొదట్లో ఉన్న పుస్తకాల్లో ఇదొకటి. ఆ బీరువా ఇప్పుడు దగ్గర్లోనే రైటర్స్ మ్యూజియంలో ఉంది. ప్రవేశం ఫ్రీ.

చూడండి తేడా. పెద్దింటి మగవాడు దొంగతనం చేస్తే "మనిషి మనసు ఎంత లోతైనదో" అని ప్రపంచ సాహిత్యం తయారైంది. చేపలమ్మే ఆవిడ గర్భం దాస్తే ఒక జోక్ తయారైంది. ఇద్దరికీ పబ్బులున్నాయి. కథలో దక్కిన మర్యాద మాత్రం ఒకటి కాదు.

చివరి స్టాప్ కొండ దిగి, మౌండ్ మీదుగా న్యూ టౌన్ వైపు, హానోవర్ స్ట్రీట్‌లో మిల్న్స్ బార్. గత శతాబ్దం మధ్యలో స్కాట్లాండ్ కవులు చేరిన అడ్డా. హ్యూ మెక్‌డయర్మిడ్, నార్మన్ మెకేగ్, సోర్లీ మెక్‌లీన్ లాంటివాళ్ళు. మెక్‌లీన్ గేలిక్ భాషలో రాసేవాడు. ఇంగ్లిష్ రాక కాదు, బాగా వచ్చి కూడా. ఈ కవుల్నందరినీ ఒకేచోట కూర్చోబెట్టి అలెగ్జాండర్ మొఫాట్ 1980లో పోయెట్స్ పబ్ అనే పెయింటింగ్ వేశాడు. అది పోర్ట్రెయిట్ గ్యాలరీలో చూడొచ్చు. చూస్తే ఒకటి తెలుస్తుంది. అందులో కవులంతా మగవాళ్ళే. నలుగురూ కూర్చునే ఇల్లు అన్నాను కదా మొదట్లో, ఆ నలుగురిలో ఎవరు లేరో కూడా లెక్కేసుకోవాలి.

ఇక మందు సంగతి. మన దగ్గర తాగుడు కథలు వింటే నవ్వు అంత తేలిగ్గా రాదు. దానికి కారణం ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా అంగడి మూయించారు. అక్కడ అంటుకున్నది రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధం దాకా వెళ్ళింది. కూలి డబ్బులు ఇంటికి రాకపోతే ఏమవుతుందో ఆ తల్లులకి తెలుసు. స్కాట్లాండ్‌కి కూడా తెలుసు. 2023లో అక్కడ మద్యం వల్లే చనిపోయినవాళ్ళు 1,277 మంది. 2018 మేలో, ఇంతకంటే చవగ్గా అమ్మకూడదని యూనిట్‌కి 50 పెన్నీల కనీస ధర పెట్టారు. యూనిట్ అంటే 10 మిల్లీలీటర్ల అసలు ఆల్కహాల్. 2024 సెప్టెంబర్‌లో దాన్ని 65 పెన్నీలు చేశారు. టూర్‌లో విస్కీ గురించి గంటసేపు విన్నాను, ఈ లెక్క గురించి ఒక్క మాట వినలేదు. అందుకే ఇక్కడ చెప్తున్నాను.

చదువుకోవడానికో ఉద్యోగానికో యూకే వెళ్ళేవాళ్ళకి నాలుగు పనికొచ్చే మాటలు.

ఒకటి, తాగకపోయినా పబ్‌కి వెళ్ళొచ్చు. లైమ్ అండ్ సోడా అడగండి, లేదా అక్కడి ఆరెంజ్ రంగు కూల్‌డ్రింక్ ఐరన్ బ్రూ అడగండి. మామూలు కుళాయి నీళ్ళు అడిగితే స్కాట్లాండ్ పబ్బుల్లో ఫ్రీగా ఇవ్వాలి, అది లైసెన్సు రూలు. ఎందుకు తాగవు అని మా గ్రూపులో ఒక్కరు కూడా అడగలేదు.

రెండు, చాలాచోట్ల టేబుల్ దగ్గరికి ఎవరూ రారు. మనమే కౌంటర్ దగ్గరికెళ్ళి ఆర్డర్ చెప్పి డబ్బు కట్టాలి.

మూడు, రౌండ్ అనే పద్ధతి ఉంటుంది. ఒకసారి ఒకరు అందరికీ కొంటారు, తర్వాత ఇంకొకరు. మీరు జ్యూసే తాగుతారనుకోండి, ఇందులో దూరితే జేబుకి చిల్లు. "నాది నేను తెచ్చుకుంటానండీ" అని మొదట్లోనే చెప్పేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

నాలుగు, కొనే వయసు 18. కానీ 25 లోపు వాళ్ళలా కనిపిస్తే ఐడీ అడుగుతారు, పాస్‌పోర్ట్ దగ్గరుంచుకోండి. స్కాట్లాండ్‌లో డ్రంకెన్ డ్రైవ్ లిమిట్ ఇంగ్లండ్ కంటే తక్కువ. తాగేవాళ్ళు బండి తీయకండి, అంతే. టికెట్ కొనేముందు డ్రింక్స్ కలిపా కాదా అనేది కూడా చూసుకోండి. మాకు కలపలేదు.

టూర్ బాగుందా అంటే, చాలా బాగుంది. వెళ్ళమనే చెప్తాను. గైడ్ జోక్ వేస్తే నవ్వండి, తప్పేం లేదు. అది ఆయన పని, ఆయన బాగా చేస్తాడు. కాకపోతే ఆ కెనడా ఆవిడలాగా ఒక్క ప్రశ్న అడగండి. ఈ బోర్డు మీద ఉన్న మనిషి ఏం పని చేసేది? ఇంట్లో ఎవరున్నారు? తర్వాత ఏమైంది? మా గైడ్‌కి జవాబులు తెలుసు. అడిగేవాళ్ళు లేక చెప్పలేదంతే. ఆ ప్రశ్న తర్వాత దారి పొడుగునా ఆవిడ పక్కనే నడుస్తూ ఆయన చెప్పినవి, స్క్రిప్ట్‌లో లేనివి, నాకు టికెట్ డబ్బుల కంటే ఎక్కువ అనిపించాయి.

మీ ఊళ్ళో కూడా పేరు మాత్రమే మిగిలిన చోటు ఏదో ఒకటి ఉంటుంది. ఒక బస్టాప్, ఒక బావి, ఒక దిబ్బ. ఆ పేరు ఎవరిది, వాళ్ళకేమైందో మీ నాయనమ్మనో తాతయ్యనో అడిగి చూడండి, తెలిస్తే నాకూ రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.